పాపన్న కథను ఎవరి నోట వినాలి?

1906లో మెల్‌బోర్న్‌లో విడుదలైన మూకీ చిత్రం 'ది స్టోరీ ఆఫ్ ది కెల్లీ గ్యాంగ్' గంటకు పైగా నడిచింది. 1880లో ఉరితీసిన బందిపోటు నెడ్ కెల్లీ కథ అది. నేరస్థుణ్ణి వీరుణ్ణి చేస్తుందన్న భయంతో, అతను తిరిగిన సీమలోనే కొన్ని ఊళ్లలో దాన్ని ఆడనివ్వలేదు. ఆ భయం మన దగ్గరా పాతదే. 1709లో మన నల్లగొండ వైపు భువనగిరి మీద పడ్డ సర్వాయి పాపన్నను మొఘల్ చరిత్రకారుడు ఖాఫీఖాన్ వట్టి దొంగగా రాశాడు. మన పాటగాళ్లేమో, కల్లుగీత పని చేసుకోరా అని తల్లి బతిమాలితే కోటలు కొడతానన్న కొడుకుగా పాడారు.

పాటకు పొగడ్తే తప్ప నిజం పట్టదంటారు. ఆ మాటలో బలముంది. 1708లో మొహర్రం వేళ ఓరుగల్లును దోచినప్పుడు పాపన్న మనుషులు ఆడవాళ్లను, పిల్లలను కూడా పట్టుకుపోయారు. దాన్ని దాచకూడదు. కానీ కల్లుగీసేవాడు కోట కట్టడమే నేరంగా చూసిన దర్బారు కలం మాత్రం నిష్పక్షపాతమా? 1874లో బాయిల్ అనే ఆంగ్లేయుడు అచ్చువేయించిన పాటలో పాపన్న వెంట నడిచినవాళ్లు పేరుపేరునా ఉన్నారు: చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, దూదేకుల. దోపిడీ సంగతికి ఖాఫీఖాన్‌ను అడుగుదాం; ఇన్ని కులాలు ఒక్కడి వెనక ఎందుకు కూడాయో పాటనే అడగాలి.