రెండో ఆంప్యూల్

ఇవాళ నర్సింగ్ పట్టా అందుకుంటున్న అమ్మాయిలూ, అబ్బాయిలూ!

సేవ గురించీ, దీపం పట్టుకున్న తల్లి గురించీ నాలుగేళ్లుగా వింటూనే ఉన్నారు. నేను లెక్కల గురించి మాట్లాడతాను. వెనక వరసలో ఎవరో నిట్టూర్చారు, నాకు వినపడింది. లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. పిల్లల వార్డులో రాత్రి డ్యూటీ. మూడు కిలోల పసికందుకు జెంటామైసిన్, కిలోకు 4 మిల్లీగ్రాముల చొప్పున 12 మిల్లీగ్రాములు రాశారు. మనకు దొరికే ఆంప్యూల్‌లో 2 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే మిల్లీలీటరుకు 40. పన్నెండును నలభైతో భాగిస్తే 0.3. నేను అరచేతిలో పెన్నుతో గీసుకున్నాను. చుక్క ఎక్కడ జారిందో, 3 మిల్లీలీటర్లని తేలింది. ఒక ఆంప్యూల్ మొత్తం లాగాను, చాల్లేదు. రెండోది పగలగొట్టబోతుంటే, అక్కడే దుప్పట్లు మారుస్తున్న ఆయా అడిగింది: "ఇంత బిడ్డకి రెండోది కూడానా సిస్టరమ్మా?"

ఆమెకు ఆ మందు పేరు తెలియదు. కానీ ఏళ్ల తరబడి నర్సుల చేతులు చూసింది. పసిబిడ్డకు సూది వేస్తే ఆంప్యూల్‌లో చాలా మందు మిగిలిపోతుందని ఆమె కళ్లకు తెలుసు. నా చెయ్యి ఆగిపోయింది. ఆ పది రెట్ల మోతాదు లోపలికి వెళ్లుంటే బిడ్డ మూత్రపిండాలకూ, వినికిడికీ ముప్పు. తెల్లారేదాకా ఆ ఉయ్యాల పక్కనే కూర్చున్నాను. మందు ఇవ్వలేదు కదా, ఎందుకు కూర్చున్నానంటే చెప్పలేను.

మీరు ఇంగ్లీషులో బట్టీ పట్టిన ఫార్ములా ఉందే, కావలసినది బై ఉన్నది ఇంటూ పరిమాణం, అది మన త్రైరాశికమే. దాన్ని వివరించిన మహావీరాచార్యుడి గణితగ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన ముత్తాతలు ధాన్యానికీ వడ్డీకీ వేసిన లెక్క ఇదే. బజారులో అయితే లెక్క కాస్త తప్పినా కొసరు వేసి సర్దేస్తారు. మన ట్రేలో కొసరుకు చోటు లేదు.

తప్పులు భాగహారంలో కన్నా సీసా మీది అక్షరాల్లోనే ఎక్కువ దాక్కుంటాయి. ఇన్సులిన్ సంగతే చూడండి. మన దగ్గర వయల్ తరచూ యూ-40, అంటే మిల్లీలీటరుకు 40 యూనిట్లు; పెన్నులోని కార్ట్రిడ్జ్ యూ-100. యూ-40 సిరంజికి ఎర్ర మూత, యూ-100 సిరంజికి నారింజ మూత. యూ-40 వయల్ నుంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే రోగికి అందేది 8 యూనిట్లే. యూ-100 మందును ఎర్ర మూత సిరంజితో 20 గీతకు లాగితే 50 యూనిట్లు! గీత అదే, చెయ్యి అదే. అలాగే యూనిట్లను ఒంటి ఇంగ్లీషు అక్షరంతో రాయకండి. హడావిడి దస్తూరీలో అది సున్నాలా కనబడి పది వందవుతుంది.

అలాగని ఆంప్యూల్స్ ఎక్కువైతే చాలు, తప్పేనని బెదిరిపోకండి. కాన్పుల గదిలో గుర్రపు వాతంతో ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. 50 శాతం మందు, 2 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో ఒక గ్రాము. నరంలోకి 4 గ్రాములు: నాలుగు ఆంప్యూల్స్‌లోని 8 మిల్లీలీటర్లకు 12 మిల్లీలీటర్ల సెలైన్ కలిపి, 20 శాతానికి పలచన చేసి, నిమ్మళంగా. తర్వాత రెండు పిరుదుల్లోకీ అయిదేసి గ్రాములు. మొత్తం 14 ఆంప్యూల్స్! అక్కడ ఆయా "ఇన్నా అమ్మా?" అంటే "అవును, ఇన్నే" అని వెంటనే చెప్పగలగాలి. నాలుగు గంటల తర్వాతి మోతాదుకు ముందు మాత్రం మోకాలి దగ్గర తట్టి చూడండి, ఊపిరి నిమిషానికి 16కు తగ్గలేదని లెక్కపెట్టండి, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లయినా వస్తోందేమో సంచి చూడండి. కాల్షియం గ్లూకోనేట్ ట్రేలో ఉండాలి, స్టోర్‌లో కాదు. కాగితం మీది లెక్క సరిపోయాక, ఒంటితో సరిచూసే లెక్క ఇది.

ఇక సెలైన్. 500 మిల్లీలీటర్లు 4 గంటల్లో ఎక్కాలి. మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్టయితే పదివేల చుక్కలు, 240 నిమిషాలు, నిమిషానికి 42. అదే 42ను పిల్లల సెట్టుతో, అంటే 60 చుక్కల సెట్టుతో వదిలితే బాటిల్ అయ్యేసరికి 12 గంటలు పడుతుంది. కాబట్టి ముందు సెట్టు కవరు చదవండి. రోగి మోచెయ్యి ముడిస్తే చుక్క నెమ్మదిస్తుంది. త్వరగా అయిపోతే ఇంటికి పోవచ్చని పక్కనున్న బావగారు చక్రం తిప్పేస్తారు. ఆయన మీద అరవకండి, ఎందుకు తిప్పకూడదో చెప్పండి. అరగంటకోసారి మీరే వెళ్లి చూసుకోండి.

మందు ఎక్కించే పంపులుండగా ఇదంతా దేనికి మేడమ్ అని నన్ను చాలామంది అడిగారు. డోపమైన్ 200 మిల్లీగ్రాములు 50 మిల్లీలీటర్ల సిరంజిలో నింపారు. 60 కిలోల మనిషికి నిమిషానికి కిలోకు 5 మైక్రోగ్రాములు. వేసి చూడండి, గంటకు 4.5 మిల్లీలీటర్లు. మామూలు పంపుకు 45 నొక్కినా అది ఎదురు చెప్పదు, ఆ మంచం మీద ఎవరున్నారో దానికి తెలియదు. అందుకే పక్క సిస్టర్‌ని పిలవండి. మీ జవాబు ముందే చెప్పి "కరెక్టేనా?" అని అడగకండి, మొహమాటానికి అవునంటుంది. కేస్ షీటు చేతికిచ్చి విడిగా వెయ్యమనండి. రెండూ కలవకపోతే, రాత్రి రెండయినా సరే, డ్యూటీ డాక్టరుకు ఫోన్ చెయ్యండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

మీలో కొందరు గల్ఫ్‌కీ, ఇంగ్లండుకీ వెళ్తారని తెలుసు. సీసాలూ సెట్టులూ అక్కడ వేరేగా ఉండొచ్చు, లేబుల్ చదివే అలవాటు వెంట తీసుకెళ్లండి.

ఈ బ్యాచికి నా తరఫున ఒక చిన్న కానుక. తలా ఒక చేతిగడియారం, సెకన్ల ముల్లున్నదే ఏరి తెప్పించాను. పెట్టెలు ప్రిన్సిపాల్ గారి బల్ల మీద ఉన్నాయి, పేరు పిలిచినప్పుడు పట్టాతో పాటు తీసుకోండి. పదిహేను సెకన్లు చుక్కలు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. అరచేతిలో మాత్రం రాసుకోకండి.