దారం తెగితే ఆగే మగ్గం



మేస్త్రిగారి చేతి కింద పని నేర్చుకున్నవాళ్ళం ఈ హాల్లో పాతికమందికి తక్కువ ఉండం. ఆయన పేరిట జరిగే ఈ సభలో కైజెన్ అనే జపాన్ పద్ధతి గురించి మాట్లాడమని కమిటీవారు అడగ్గానే ఒప్పుకున్నాను. ఆ మాట ఆయన నోట నేనెన్నడూ వినలేదు. ఆయన లేతు షాపు వదిలి కంపెనీలో చేరాక ఒక శిక్షణ తరగతిలో మొదటిసారి విన్నాను. ‘కై’ అంటే మార్పు, ‘జెన్’ అంటే మంచి అని బోర్డు మీద రాశారు. ఆ క్షణాన నా కళ్ళ ముందుకొచ్చింది మేస్త్రిగారే.

పనిలో చేరిన మొదటి వారం. చక్ కీ కోసం ఒకసారి, పానా కోసం ఒకసారి, వెర్నియర్ కోసం ఒకసారి షాపు ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉన్నాను. సాయంత్రం నన్ను పిలిచి, “అబ్బాయ్, ఇవాళ ఎన్ని అంగలేశావు?” అన్నారు. చీవాట్లు మొదలయ్యాయనుకున్నాను. “రేపు లెక్కపెట్టి చెప్పు” అన్నారు. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకే పన్నెండు వందలు దాటాయి. ఆ సాయంత్రం ఆయన ఒక పాత చెక్కపలక తెచ్చి నా లేతు పక్కన గోడకు కొట్టారు. ఒక్కో పనిముట్టునూ దాని మీద ఆనించి, చుట్టూ సుద్దముక్కతో గీత గీశారు. తర్వాత ఆ గీతల లోపల రంగు వేయించారు. ఏది చోట్లో లేదో దూరం నుంచే తెలిసిపోయేది. జపాన్ ఫ్యాక్టరీల్లో ఇలాంటి పలకలుంటాయని నేను పుస్తకంలో చదివింది ఎన్నో ఏళ్ళ తర్వాత. మేస్త్రిగారు పుస్తకం చూసి చేయలేదు, నా కాళ్ళు చూసి చేశారు.

అందుకే కైజెన్ చరిత్రను కార్ల ఫ్యాక్టరీ నుంచి కాకుండా ఒక ఇంట్లోని మగ్గం నుంచి మొదలుపెడతాను.

సకిచి టొయోడా 1867లో, ఇప్పటి షిజువోకా ప్రాంతంలోని ఒక పల్లెలో, వడ్రంగి ఇంట పుట్టాడు. తల్లి ఇంట్లో మగ్గం నేసేది. ఆమె పడే కష్టం చూసే ఆ కుర్రవాడు మగ్గాన్ని బాగుచేయాలని పూనుకున్నాడని ఆ కుటుంబం, వాళ్ళు పెట్టిన సంస్థ నేటికీ చెప్పుకుంటాయి. మొదట చేసింది కొయ్య మగ్గమే. రెండు చేతులతో నేయాల్సిన దాన్ని ఒక చేత్తో నేసేలా మార్చాడు. 1891లో దానికి పేటెంటు వచ్చింది. 1896లో ఆవిరితో నడిచే మరమగ్గం చేశాడు. 1924లో వచ్చిన ‘జి’ రకం మగ్గం పరుగు ఆపకుండానే నాడె మార్చుకునేది. పడుగులో ఒక్క దారం తెగితే మాత్రం దానంతటదే ఆగిపోయేది. మన దేశపు మిల్లులకు కూడా యంత్రాలమ్మిన ఇంగ్లండు కంపెనీ ప్లాట్ బ్రదర్స్ 1929లో లక్ష పౌన్ల ఒప్పందంతో ఆ మగ్గం హక్కులు కొనుక్కుంది.

దారం తెగితే ఆగడమనే ఆ ఒక్క గుణం దగ్గర కాసేపు నిలబడదాం. అంతకుముందు దారం ఎప్పుడు తెగుతుందోనని మనిషి మగ్గానికి కళ్ళప్పగించి నిలబడాలి. కాస్త ఏమరితే గజాల కొద్దీ గుడ్డ పాడు. మగ్గమే ఆగితే ఆ కాపలా పని పోయింది. ఒక మనిషి చాలా మగ్గాలు చూసుకోగలిగాడు, చెడ్డ గుడ్డ తయారుకావడమూ ఆగింది. దీన్ని జపనీయులు ‘జిదోకా’ అంటారు. యంత్రం తనంతట తాను నడవడం అనే మాటలోని ఒక అక్షరానికి మనిషి గుర్తు చేర్చి రాస్తారు. కైజెన్ మీద వచ్చిన అట్టల పుస్తకాలన్నిటికంటే ఆ ఒక్క అక్షరమే నాకు ఎక్కువ నేర్పింది.

ఇది వింటుంటే మీకు మన చింతకింది మల్లేశం గారు గుర్తొచ్చి ఉంటారు. ఆలేరు దగ్గర శారాజిపేట. పోచంపల్లి రకం చీరకు ఆసు పోయాలంటే, అర్ధచంద్రాకారంలో దిగగొట్టిన మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు ఆడాలి. రోజుకు రెండు చీరలంటే పద్దెనిమిది వేలు. తల్లి లక్ష్మి గారి భుజాల నొప్పి చూడలేక ఆయన ఏళ్ళ తరబడి పట్టుబట్టి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేసి, దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. సకిచికీ ఈయనకూ మధ్య వందేళ్ళు, ఒక సముద్రం. ఇద్దరూ బయల్దేరింది మాత్రం అమ్మ చేతి నొప్పి నుంచే.

సకిచి కొడుకు కిచిరో 1937లో టొయోటా మోటారు కంపెనీ పెట్టాడు. కావలసిన భాగం కావలసిన వేళకే రావాలన్న ఆలోచన ఆయనదే. యుద్ధం అయిపోయాక కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. 1950లో పదహారు వందల మందిని తగ్గించాలని ప్రతిపాదిస్తే పెద్ద సమ్మె జరిగింది. మనుషుల్ని పంపించాల్సి వచ్చినందుకు కిచిరో తానూ పదవి వదిలి వెళ్ళిపోయాడు. టొయోటా పద్ధతి గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఈ సంవత్సరాన్ని తొందరగా దాటేస్తారు. నేను దాటలేను. ఆ తర్వాత అక్కడ పుట్టిన ప్రతి మెరుగుదల వెనకా ఆ సమ్మె జ్ఞాపకం ఉంది.

అదే ఏడాది ఆ కుటుంబానికే చెందిన ఎయిజి టొయోడా అమెరికాలో ఫోర్డు ఫ్యాక్టరీ చూసి వచ్చాడు. అక్కడి కార్మికుల సలహాల పద్ధతి ఆయనకు నచ్చింది. 1951లో టొయోటాలో అలాంటిదే మొదలైంది. కైజెన్ అచ్చంగా జపాన్ సొత్తు అనుకోవడం పొరపాటు. యుద్ధకాలంలో అమెరికా తన ఫోర్‌మన్ల కోసం తయారుచేసుకున్న శిక్షణ పాఠాలు యుద్ధం తర్వాత జపాన్ చేరాయి. ఉన్న మనుషులతో, ఉన్న యంత్రాలతో, ఉన్న సరుకుతోనే పని ఎలా మెరుగుపరచాలో వాటిలో ఉంది. 1950లో అమెరికా గణాంకవేత్త డెమింగ్ వచ్చి గణాంకాలతో నాణ్యతను పట్టుకోవడం నేర్పాడు. ఈ దారిలో మనవాళ్ళ అడుగు కూడా ఒకటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న సి.ఆర్.రావు గారు 1940ల్లో కలకత్తాలోని ఒక గణాంక సంస్థలో, తక్కువ ప్రయోగాలతో ఎక్కువ తెలుసుకునే పట్టికలైన ఆర్థోగొనల్ అరేల సిద్ధాంతం రూపొందించారు. 1950ల నడుమ అదే కలకత్తా సంస్థకు వచ్చి వెళ్ళిన జపాన్ ఇంజనీరు గెనిచి తగుచి, ఫ్యాక్టరీల్లో నాణ్యత ప్రయోగాలకు ఆ అరేలనే పనిముట్టు చేసుకున్నాడు.

తైచి ఓనో సంగతి మీలో చాలామందికి తెలుసు. టొయోటా మెషిన్ షాపు పెద్దగా ఉంటూ, అమెరికా సూపర్ మార్కెట్ల గురించి విని, అరల్లో ఖాళీ అయిన సరుకే మళ్ళీ నింపినట్టు భాగాలు కూడా వాడినంత మేరకే చేయాలన్నాడు. ఆ కబురు మోసుకెళ్ళే చీటీయే కాన్‌బాన్. ఆయన చెప్పిన ఒక ఉదాహరణ ఇది. మిషను ఆగింది. ఎందుకు? ఫ్యూజు పోయింది. ఎందుకు? బేరింగుకు ఆయిలు చాల్లేదు. ఎందుకు? పంపు సరిగా లాగడం లేదు. ఎందుకు? పంపు షాఫ్టు అరిగింది. ఎందుకు? జల్లెడ లేక లోహపు రజను లోపలికి పోయింది. ఫ్యూజు మార్చి ఊరుకుంటే రేపు మళ్ళీ పోతుంది. జల్లెడ పెడితే పోదు. ఇందులో ఎక్కడా “ఎవరు చేశారు?” అన్న ప్రశ్న లేదు, గమనించండి.

జపాన్ ఇంజనీరు షిగెవో షింగో చెప్పిన సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. 1961లో ఆయన యమదా ఎలక్ట్రిక్ అనే కంపెనీకి వెళ్ళాడు. అక్కడ చిన్న స్విచ్చి బిగిస్తారు. రెండు మీటలు, ఒక్కోదాని కింద ఒక స్ప్రింగు. పని చేసేవాళ్ళు అప్పుడప్పుడు ఒక స్ప్రింగు పెట్టడం మరిచిపోతున్నారు. జాగ్రత్తగా ఉండమని హెచ్చరిస్తే కొన్నాళ్ళు బాగుంటుంది, మళ్ళీ మామూలే. వందల స్ప్రింగులున్న పెద్ద డబ్బాలోంచి తీసుకుంటుంటే ఒకటి తీశామో రెండు తీశామో ఎవరికి గుర్తుంటుంది? షింగో ఒక చిన్న గిన్నె పెట్టించాడు. ముందు రెండు స్ప్రింగులు తీసి గిన్నెలో వేసుకో, తర్వాత బిగించు. గిన్నెలో ఒకటి మిగిలితే మరిచిపోయినట్టే. అంతే, తప్పు ఆగిపోయింది.

ఇలాంటి ఏర్పాట్లను మొదట్లో అక్కడ ‘బకా యొకే’ అనేవారు, తెలివితక్కువవాడి నుంచి కాపాడేది అని. 1963లో మరో ఫ్యాక్టరీలో ఆ మాట విని, నన్ను తెలివితక్కువదాన్నంటున్నారా అని ఒక కార్మికురాలు కన్నీళ్ళు పెట్టుకుంది. షింగో పేరు మార్చాడు. ‘పొకా యొకే’, అంటే పరధ్యానంలో జరిగే పొరపాటును ఆపేది. ప్రపంచమంతా నేడు వాడే మాట అదే. ఒక మనిషి కన్నీటికి విలువిచ్చి మాట మార్చుకున్న ఘట్టం ఇంజనీరింగు చరిత్రలో నాకు ఇంకొకటి తెలియదు.

1986లో మసాకి ఇమాయి పుస్తకంతో కైజెన్ అన్న మాట లోకమంతా పాకింది. బ్యాంకులు, ఆస్పత్రులు, సాఫ్ట్‌వేర్ ఆఫీసులు కూడా అందుకున్నాయి. అక్కడి నుంచి నాకు దిగులు మొదలవుతుంది.

నేను పనిచేసిన ఒక కంపెనీలో సలహాల పెట్టె పెట్టారు. గేజి బిగించే స్టాండును కాస్త తిప్పితే ముగ్గురి పని ఇద్దరికి సరిపోతుందని ఒక ఆపరేటరు చీటీ రాశాడు. మంచి సలహా. అమలు చేసింది నేనే. చప్పట్లు కొట్టి సర్టిఫికెట్టిచ్చారు. మరుసటి నెల ఆ ముగ్గురిలో ఒకణ్ణి, కాంట్రాక్టు కుర్రాణ్ణి, రావద్దన్నారు. సలహా ఇచ్చినవాడిదీ అతనిదీ ఒకే ఊరు, ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళు. ఆ తర్వాత ఆ పెట్టెలో నేను చూసినంత కాలం ఒక్క చీటీ పడలేదు. నేను గట్టిగా అడ్డుపడలేదు. అది నన్నిప్పటికీ తొలుస్తుంది.

జపాన్‌లోనూ అంతా పూలబాట కాదు. సతోషి కమతా అనే రచయిత టొయోటాలో ఆరు నెలలు తాత్కాలిక కార్మికుడిగా చేసి, ఆ లైను వేగం మనిషిని ఎలా పీల్చేస్తుందో 1973లో పుస్తకం రాశాడు. 2001లో కంపెనీ తన సిద్ధాంతాన్ని అచ్చువేసినప్పుడు రెండు స్తంభాలు చెప్పుకుంది, నిరంతర మెరుగుదల, మనిషి పట్ల గౌరవం. ఆ మరుసటి ఏడాదే ముప్పై ఏళ్ళ ఉద్యోగి ఒకడు రాత్రి షిఫ్టులో ఫ్యాక్టరీలోనే కుప్పకూలి చనిపోయాడు. నాణ్యత బృందం సమావేశాల కోసం అతను పని గంటల తర్వాత వెచ్చించిన కాలం స్వచ్ఛందమే తప్ప పని కాదని కార్మిక శాఖ అధికారులు వాదించారు. భార్య కోర్టుకెక్కింది. 2007 నవంబరులో నగోయా కోర్టు అదీ పనేనని తీర్పు చెప్పింది. 2008లో కంపెనీ ఆ గంటలకు జీతం కట్టివ్వడానికి ఒప్పుకుంది. దారం తెగింది, మగ్గం ఆగింది. కాకపోతే ఈసారి ఆపింది యంత్రం కాదు, ఒక భర్తను పోగొట్టుకున్న మనిషి.

ఆదా అయిన అంగలు, ఆదా అయిన నిమిషాలు ఎవరి ఖాతాలో పడుతున్నాయన్నదే ఈ చరిత్రలో నేను వెతికేది. నా పన్నెండు వందల అంగలు తగ్గిన రోజు మేస్త్రిగారు నాకు ఇంకో లేతు అప్పజెప్పలేదు. మిగిలిన వేళలో థ్రెడ్ కటింగ్ నేర్పారు. నా బతుకు అక్కడ మారింది.

ఆ చెక్కపలకను మేస్త్రిగారి అబ్బాయి దాచి ఉంచాడు. బయట వరండాలో పెట్టారు, వెళ్ళేటప్పుడు చూడండి. దాన్ని గోడకు ఎంత ఎత్తున కొట్టారో గుర్తుగా పక్కన గీత కూడా గీశాడు. నా నడుం కంటే కాస్త పైకి ఉంటుంది. మరీ కిందికి కొట్టారేంటి మేస్త్రిగారూ అని అప్పట్లో అడిగాను. షాపులో మా అందరికంటే పొట్టిగా, పోలియో కాలుతో స్టూలు మీద కూర్చుని డ్రిల్లింగ్ చేసే కుర్రాడొకడుండేవాడు. “వాడికీ అందాలి కదరా” అన్నారు.