ఊళ్లో భూమి కొనేముందు: పాత కాగితాలు ఎట్లా చదవాలి?

(సోహార్ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ పోర్టులో, ఫ్రీజోన్‌లో ఎండకు మాడి సంపాదించిన పైసలు చివరికి ఊళ్లో ఎకరమో, ప్లాటో అవుతాయి. ఫోన్‌లో పట్టాదారు పాసుబుక్కు ఫొటో వస్తుంది, మనం పైసలు పంపేస్తాం. కానీ పాసుబుక్కు చెప్పేది ఈరోజు రికార్డులో ఎవరి పేరు ఉందో మాత్రమే. ఆ పేరు అక్కడికి ఎట్లా వచ్చిందో మనమే వెతకాలి.

వెతికే పద్ధతి సులువే. సర్వే నంబరు పట్టుకుని ఇవాళ్టి నుంచి వెనక్కి నడవాలి. తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ దాకా పోవాలి. సర్వే నంబరు వారీగా పట్టాదారు ఎవరు, సాగులో ఎవరున్నారు అన్నది అందులో ఉంటుంది. దానికంటే పాతది సేత్వార్. ఆంధ్రలో అయితే ఆర్‌ఎస్‌ఆర్, పాత అడంగళ్లు, 1-బి చూడాలి. తహసీల్దారు ఆఫీసులో నకళ్లకు దరఖాస్తు పెట్టొచ్చు.

ఇప్పుడొక లెక్క చూడండి. ఖాస్రాలో తాత పేరు మీద ఆరెకరాలు. ఆయనకు ముగ్గురు కొడుకులు, ఇద్దరు బిడ్డలు. ఇవాళ పెద్ద కొడుకు ఒక్కడే ఆరెకరాలూ అమ్ముతానంటున్నాడు. మరి పంపకం ఎప్పుడు జరిగింది? కాగితం ఏది? తాత వీలునామా రాశాడా? ఆడబిడ్డలు సంతకం పెట్టారా? పేరు మారిన ప్రతిచోటా ఒక కాగితం ఉండాలి. అది దొరకనిచోట ఆగాలి. రేపు కోర్టు నోటీసు వచ్చేది అక్కడి నుంచే.

ఈసీ 12 ఏళ్లకు తీసి సరిపెట్టొద్దు, కనీసం 30 ఏళ్లకు తీయండి. నంబరు విడిపోయి ఉంటే పాత నంబరు మీద కూడా తీయాలి. అయితే ఈసీలో రిజిస్టరైనవే కనిపిస్తాయి. సాదాబైనామా, నోటిమాట పంపకం అందులో ఉండవు. అందుకే ఇంటివాళ్లను పొలం దగ్గరికి పంపి, దున్నేది ఎవరో పక్క రైతులను అడిగించండి.

22-ఏ నిషేధిత జాబితా కూడా చూడాలి. పేదలకు సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. ఆంధ్రలో 2023లో కొన్నింటికి సడలింపు ఇచ్చారు. కాబట్టి ఏ రకం భూమో తేల్చుకోకుండా బయానా ఇవ్వకండి.

చివరిమాట. జీపీఏ రాయించుకుంటే భూమి మనదైపోదు. ఈ మాట సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టంగా చెప్పింది. మనం పోలేనప్పుడు, ఒక్క పనికే పరిమితమైన స్పెషల్ పవర్ రాసి, మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపాలి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

భూమి అమ్మేవాడు తొందర పెడతాడు, మధ్యవర్తి ఇంకా తొందర పెడతాడు. నెలరోజులు ఆగి, ఈ కాగితాలన్నీ మంచి వకీలుకు చూపించండి. ఆయన ఫీజు ఎంతైనా, మన ఏళ్ల కష్టం కంటే తక్కువే.