కట్టుబాటులోని కథ: అధ్యక్షోపన్యాసము



గడచిన యేటి వాఙ్మయమును సింహావలోకనము చేసి వినిపింపుమని ఆహ్వానసంఘమువారు నన్ను కోరిరి. ఆ పనిని రేపటి గోష్ఠులలో నాకంటె ఎక్కువ చదివిన యువకులు చేయగలరు. నాకు మిగిలిన కొలదిపాటి ఓపికను, నన్నెఱిగినవారు ఇదివఱకే ఊహించియుండునట్లు, నా పాత ప్రశ్నకే వెచ్చింపదలచితిని: యతిప్రాసలు చాలవన్నట్లు పైని మఱియొక కట్టుబాటు పెట్టుకొని కవి కథ చెప్పబూనినపుడు, ఆ కట్టుబాటు కథను నడపినదా, నిలిపినదా?

మనలో ఒక పక్షమువారు నిరోష్ఠ్యకావ్యము చేత పట్టి, పెదవులపై వ్రేలుంచుకొని, ఎక్కడనైన పవర్గాక్షరము దొరలినదేమో యని ఆశ్వాసములన్నియు గాలించి, దొరలలేదని తేలినంతనే చేతులెత్తి మ్రొక్కుదురు. రెండవ పక్షమువారు పేరు వినగానే గారడి యని పుస్తకము మూయుదురు. మొదటివారు చదివినది అక్షరములను; రెండవవారు అవియును చదువలేదు. కథ యేమైనదని అడుగువాడు ఇరుపక్షములకును విరోధియే. ఆ విరోధమును నేను చిరకాలముగా అనుభవించుచున్నాను.

ఈ విషయమున దండి మనకందఱకును గురువు. దశకుమారచరితమున మంత్రగుప్తుడు, ప్రియురాలి దంతక్షతముచే నొచ్చిన పెదవులు కలుపలేక, ఓష్ఠ్యవర్ణము లేకుండ తన వృత్తాంతమంతయు చెప్పుకొనును. అక్కడ నియమమును విధించినది కవి కాదు, కథ. మన నిరోష్ఠ్యకవులకు అంతటి సాకు దొరకలేదు. దొరకినది చిక్కు మాత్రమే. రాముడన్న పేరే పలుకరాని రామాయణమును తలపెట్టి, మరింగంటి సింగరాచార్యుడు 16వ శతాబ్దమున తన కావ్యమునకు ‘దశరథరాజనందన చరిత్ర’ అని పేరిడుటలోని నేర్పును గమనింపుడు: పేరు చదువుటకును పెదవి కదలనక్కఱలేదు.

వీరేశలింగముగారు యౌవనమున రచించిన శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమున చిక్కులు ఇంకను హెచ్చు. సంస్కృతము కూడదు, పెదవి తగులరాదు, వచనము చొరరాదు. హంస అచ్చతెనుగున అంచ యగును గనుక పక్షికి ఇబ్బంది లేదు, నలునకును లేదు. దమయంతి పేరి నడుమ మకారమున్నది. ఆమె తండ్రి భీముని పేర రెండక్షరములును పెదవివే. పుష్కరుడు, బాహుకుడు, ఋతుపర్ణుడు గుమ్మము దాటి లోనికి రాలేరు. ‘మాట’ యనరాదు, ‘చెప్పె’ ననరాదు. తెనుగు నామముల తుదినుండు ‘ము’వర్ణకమే వెలియైనది. ఇంతవఱకు అందఱును ఎఱిగినదే. కాని ఆ కథనొక్కసారి తలచుకొనుడు. స్వయంవరమున దేవతలు నలుని రూపమునే ధరించి కూర్చుందురు. చేదిరాజగృహమున దమయంతి తానెవరో తెలుపక సైరంధ్రియై దినములు గడపును. నలుడు రూపును పేరును మాఱి పరుల గుఱ్ఱములను తోలును. సగము కథ తామెవరో చెప్పుకొనని వారి కథయే! నాయిక పేరు పలుకగూడదన్న నియమమునకు ఇంతకంటె తగిన ఇతివృత్తము ఏ వాఙ్మయమున దొరకును? అక్షరములు లెక్కించువారికి ఈ యోచన తట్టకపోవుటయే నాకు వింత.

ఇక నా వాదము. తిక్కన భారతమునకు పూర్వము నిర్వచనోత్తరరామాయణమును వచనము లేకుండ వ్రాసెను. చంపువున ప్రయాణములను, కాలవ్యవధానమును, ‘అంత నొక్కనాడు’ వంటి సంధికార్యమును వచనమే మోయును. ఆ బరువంతయు పద్యముపై పడినపుడు, ఒక కందముననే వెనుకటి ఘట్టమును ముగించి తరువాతిదానికి తలుపు తీయవలసి వచ్చును. విరాటపర్వమున ఒకరి మాట ముగియకమున్నే ఎదుటివాని మనస్సు మనకు తెలియు ఆ సంభాషణల బిగువు ఎక్కడ అలవడినదో నేనడిగినపుడు, ప్రతిభ యని చెప్పి తప్పుకొన్నవారే ఎక్కువ.

సూరన విషయమున నాకు సందేహము లేశమైనను లేదు. రాఘవపాండవీయమున దశరథుని వేటయు పాండురాజు వేటయు ఒకే పద్యములలో సాగును. ఇద్దఱు రాజులును వేటలో తపస్వి శాపమునకే గుఱియగుదురు. ఒకరి శాపము పుత్రవియోగమునకు, ఇంకొకరిది పత్నీసంగమమునకు ముడిపడినది. రెండు కథలు ఎక్కడ అతుకుకొనునో, ఎక్కడ విడిపోవునో కనిపెట్టనిదే శ్లేష యొక్క అడుగు ముందుకు సాగదు. నిఘంటువు తెచ్చిపెట్టునది పదములనే; ఆ కీలు నెఱుగుట కథకుని పని. ఆ పని ముగించిన చేతులతోనే సూరన కళాపూర్ణోదయమును పట్టెను. అందు బ్రహ్మ తమ ప్రణయమునే వేఱుపేరులతో భూలోకకథగా మలచి సరస్వతికి చెప్పుట, ఆ చెప్పిన కథయే పిదప యథార్థమగుట దేనికి సంతానమో వేఱుగ చెప్పవలెనా? ద్వ్యర్థిలో పద్యమునకున్న రెండర్థములు ఇక్కడ కథకే వచ్చినవి. వీరేశలింగముగారును ఆ నైషధము తరువాతనే రాజశేఖరచరిత్రమునకు వచ్చిరి. ముగ్గురును కథకులలో ముందువరుసవారు; ముగ్గురును ముందుగ తమ్ము తాము కట్టుకొన్నవారు. ఇది కాకతాళీయమని ఒక సభలో సెలవిచ్చిన పెద్ద యొకరు, శ్లేష వ్యాకరణవిషయమే కాని కథావిషయము కాదని కూడ తీర్పు చెప్పిరి. ఆయన రాఘవపాండవీయమును మొదటి ఆశ్వాసము దాటి చదివినట్లు ఆ తీర్పులో నాకు జాడ కనబడలేదు.

నేటి యువకవులకు నా మనవి యొకటే. అవధానమున నిషిద్ధాక్షరిని పూరించి చప్పట్లందుకొనుచున్నారు, సంతోషము. ఆ నిషేధమునే పట్టుకొని నూఱు పద్యముల కథ యొకటి చెప్పిచూడుడు. పాత్ర యొకడు తలుపు తట్టవలెను, లోపలివారు ఎవరని అడుగవలెను, వచ్చినవాడు అబద్ధమాడవలెను. ఇంత చిన్న పనికే కందము ఎన్ని చోట్ల మొండికేయునో అపుడు తెలియును.

పరిషత్తునకు కూడ ఒక తీర్మానము సమర్పించుచున్నాను. నిరోష్ఠ్య, ద్వ్యర్థి, అచ్చతెనుగు కావ్యములను టీకతోపాటు కథాసంవిధాన చర్చతో పునర్ముద్రింపవలెను. పీఠికలో అక్షరముల లెక్క ఒక పుట మించరాదు. దీనిని బలపఱుచుటకు, ఇందాక నేను చెప్పిన పెద్దలు ఈ సభలోనే యున్నారు గనుక, వారినే సాదరముగా ఆహ్వానించుచున్నాను.