జున్నుపాలు దూడకు, ముర్రుపాలు బిడ్డకు
(సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగం)



పాల సంస్థలో పనిచేస్తూ, ఫలానావారికి పాలు పోయవద్దని చెప్పడం మాకే వింతగా ఉన్నది. కాని చెప్పక తప్పదు.

మొన్నటి మిరప కోతల్లో పల్నాడులో ఒక సంఘం తనిఖీకి వెళ్ళాము. ఉదయం పాలు పోసే వేళ ఒక ముసలమ్మ గ్లాసు పట్టుకొని వచ్చింది. కోడలు తెల్లవారకముందే కోతకు ఆటో ఎక్కింది. మనుమడికి మూడో నెల. కార్యదర్శి జాలిపడి పావు లీటరు గేదెపాలు పోశాడు. "చిక్కన గదయ్యా, సగానికి సగం నీళ్ళు కలిపి సీసాలో పడతా" అన్నది. సంఘానికి అలా కలిపి తెస్తే లాక్టోమీటరు పట్టేస్తుంది. పసివాడి దగ్గర లాక్టోమీటరు ఎక్కడిది?

తల్లిపాలలో మాంసకృత్తులు నూటికి ఒక పాలు, గేదెపాలలో నాలుగు పాళ్ళు. అవి దూడకు తగినవి. నీళ్ళు కలిపితే బలం పోతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కరలేదు. తల్లి లేని బిడ్డ సంగతి వేరు, అది డాక్టరు చెప్పాలి. 1992 చట్టం డబ్బాపాలకు, పాలసీసాలకు ప్రకటనలు నిషేధించింది. గ్లాసులో పోసే గేదెపాలకు మాత్రం మన విచక్షణే చట్టం.

"తల్లికి పాలు చాలడం లేదండీ" అంటారు. పశువులను సాకేవారికి వేరే చెప్పాలా? దూడ కుడిస్తేనే గేదె చేపుతుంది. పొదుగులో పాలు మిగిల్చితే రోజురోజుకూ తగ్గిపోతాయి. తల్లికీ అంతే. ఈనగానే దూడకు జున్నుపాలు తాగించే మనమే, కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ కోడలి ముర్రుపాలు పిండి పారబోయిస్తున్నాము.

ఇక తల్లి తిండి. 1975లో సమగ్ర శిశు అభివృద్ధి పథకంతో అంగన్‌వాడీలు వచ్చాయి. 2013లో అమృతహస్తం కింద గర్భిణులకు, బాలింతలకు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు కేంద్రంలోనే ఇవ్వసాగారు. మంచి ఏర్పాటే. కాని కోతల రోజుల్లో పేరు రిజిస్టరులో ఉంటుంది, మనిషి మిరప సాళ్ళలో ఉంటుంది. సరుకులు ఇంటికి ఇచ్చినప్పుడు ఆ పాలు అందరి టీలోకీ పోవడం కూడా చూశాము.

చేలున్న సభ్యులు బాలింత కూలీ బిడ్డకు గట్టున నీడ చూపాలి. పనిమధ్య పాలిచ్చుకోనివ్వాలి, కూలి కోయరాదు. చేతుల మంట పోవడానికి ముందు నూనె, తరువాత సబ్బు అందించండి. బిడ్డ ఇంటివద్దే ఉంటే, తల్లి శుభ్రమైన గిన్నెలోకి పాలు పిండి, మూతపెట్టి చల్లనిచోట ఉంచిపోవచ్చు. నాలుగు గంటల లోపు ఉగ్గుగిన్నెతో పట్టాలి, సీసాతో కాదు.

ఆ ముసలమ్మ మళ్ళీ వస్తే కార్యదర్శిగారు ఆ పావు లీటరూ పోయవచ్చు. కాచి, రాత్రికి కోడలికి ఇమ్మనండి.