అగ్రజుని అడుగుజాడలో

పడమటి కనుమలను చూస్తూ పెరిగే తళవాయిపురం పిల్లలకు కొండ కొత్త కాదు. కొండ మీద చెలిమి ఎట్టిదో మాత్రం చెప్పవలసి ఉన్నది.

విజయనగరం దాపున గల కోరుకొండ సైనిక పాఠశాల పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఎం. ఉదయభాస్కరరావు 1985లో సైనిక దళంతో ఎవరెస్టుకు వెళ్లి తిరిగి రాలేదు. ఆ యాత్రలో అయిదుగురు అసువులు బాశారు. అదే బడిలో చదివిన నెల్లూరు జిల్లా వాసి మల్లి మస్తాన్‌బాబుకు పర్వతారోహణాభిలాష ఆ అగ్రజుని స్మృతి వల్లనే మొలకెత్తింది. పాఠ్యపుస్తకం ఇంత పని చేయగలదా?

మస్తాన్‌బాబు 2006 మే 21న ఎవరెస్టు శిఖరాన్ని చేరారు. ఆ ఏడాదే ఏడు ఖండాల మహాశిఖరాలను 172 దినాలలో అధిరోహించారు. అదీ వారానికున్న ఏడు రోజులలో, రోజుకొక్క శిఖరం వంతున! వినోదంగా తోచినా ఎంత గణితం, ఎంత ఓర్పు కావాలో ఊహించవలసినదే.

2015 మార్చి 24 తరువాత ఆండీస్ పర్వతాలలో ఆయన జాడ తెలియలేదు. మిత్రులు, సహాధ్యాయులు ఊరకుండలేదు. గాలింపు సాగేవరకు తలుపులన్నీ తట్టారు. చిలీ, అర్జెంటీనా దేశాలు వెదకించాయి. ఏప్రిల్ 3న భౌతికకాయం కనబడింది. చెలికానిని మంచులో విడువక, ఆ నెలలోనే గాంధీ జనసంఘం గ్రామానికి, కన్నతల్లి వాకిటికి చేర్చారు.