మందకు దారి విడుద్దాం



ఈ శతాబ్ది కూడికలలో మన పెద్దలు కట్టిన గుడులను గురించి, బడులను గురించి విన్నాము. నాకు ఇచ్చిన ఈ కొద్ది సమయంలో మన ఇరుగుపొరుగున జరిగే ఒక పనిని గురించి చెప్పదలచాను. సంఘాన్ని నడిపేవానిని మనం కాపరి అంటాము. పాస్టర్ అన్న మాటకు కూడా గొర్రెల కాపరి అనే అర్థం. ఆ పేరుతో పిలిపించుకొనే మాకూ, పిలిచే మీకూ, చేవెళ్ల, మొయినాబాదు ఊళ్లలో నిజంగా గొర్రెలు కాసే కురుమ, గొల్ల సోదరుల ఏడాది ఎట్లా గడుస్తుందో తెలిసి ఉండడం న్యాయం.

ముందుగా ఒక సంగతి గమనించాలి. స్కాట్లాండుకు ఉత్తరాన షెట్లాండ్ దీవులున్నాయి, దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో ఫాక్లాండ్ దీవులున్నాయి. అక్కడ గొర్రెలను కంచెలు, సముద్రమే కాపాడతాయి. ఉన్ని కత్తిరించేటప్పుడు, ఈతల కాలంలో యజమాని కుక్కలను తీసుకొని వెళ్లి మందను కూడగట్టుకొంటాడు. మన కాపరికి ఆ వీలు లేదు. అతనికి మంద ఉంటుంది గాని మేత భూమి ఉండదు. ఎక్కడ మేపుతున్నావని అడిగితే ఫలానా వారి చేనులో అంటాడు, చెరువు కింద అంటాడు, గుట్ట మీద అంటాడు. నా చేనులో అనేవారు అరుదు. కనుక అతని బ్రతుకంతా ఇతరుల అనుమతి మీద, వారితో ఉన్న మంచితనం మీద నడుస్తుంది.

అతని దినం చీకటితోనే మొదలవుతుంది. దొడ్డిలో ప్రతి జీవాన్ని కళ్లతో తడుముతాడు. ఏది కుంటుతున్నది, ఏది పారుకుంటున్నది, ఏది మేతకు లేవనంటున్నది చూసుకొంటాడు. పిల్లలను తల్లుల దగ్గర పాలకు విడిచి, మరల గంపల కింద మూస్తారు. దొడ్డి ఊడ్చి ఎరువు కుప్ప వేయడం, నలతగా ఉన్న పిల్లను ఒడిలో పెట్టుకొని సాకడం ఎక్కువగా ఆడవారి పని. మంద బయలుదేరిందంటే మరల పొద్దు గూకిన తర్వాతే ఇంటి ముఖం చూసేది.

మృగశిర కార్తె వచ్చి వానలు పడితే మనకు సంతోషం. కాపరికి మాత్రం అది ఇరుకు కాలం. ప్రతి చేనులో విత్తనం పడుతుంది. అప్పుడతనికి మిగిలేది గట్లు, గుట్టలు, చెరువు అంచులు. ఒక గొర్రె మక్క చేనులో మూతి పెట్టినా తగవే. మంచు ఆరకముందు మేపితే గడ్డితోపాటు నట్టలు కడుపులోకి పోతాయి గనుక ఎండ వచ్చేదాకా ఆగాలి. బురదకు గిట్టలు చెడతాయి. చిన్న దోమల వలన నీలినాలుక వ్యాధి వస్తుంది. లేత పచ్చిక ఆత్రంగా మేసిన బలమైన గొర్రె చిటుక రోగంతో పూట తిరగకముందే పడిపోవచ్చు. అందుకే వానలకు ముందే టీకాలు, నట్టల మందు వేయించాలి.

పంటలు కోసిన తర్వాత, చలికాలంలో, అతనికి దారులు తెరుచుకొంటాయి. మక్క మోళ్లు, కంది ఆకు, పత్తి ఏరిన చేలు మేతకు వస్తాయి. అయితే వాడిపోయి మరల చిగిర్చిన జొన్న పిలకలలో విషముంటుంది, అటు పోనీయకూడదు. ఈ కాలంలోనే రైతు కబురు పెట్టి తన చేనులో రాత్రిళ్లు మందను ఆపించుకొంటాడు. పెంటిక, మూత్రం నేలలో కలిసి మరుసటి పంటకు బలమవుతాయి. అందుకు కాపరికి గింజలో, పైకమో ముట్టేది. మేత ఇచ్చినవాడు ఎరువు పుచ్చుకొన్నాడు, ఎరువు ఇచ్చినవాడు గింజ పుచ్చుకొన్నాడు. ఇందులో భిక్ష అనేది లేదు.

ఎండాకాలంలో పొద్దు పొడవకముందే తోలి, మధ్యాహ్నం నీడకు చేర్చాలి. చెట్టు దొరకకపోతే గొర్రెలు ఒకదాని పొట్ట నీడలో ఒకటి తల దూర్చి నిలబడతాయి. బీజాపూరు రోడ్డు పొడుగునా ఉన్న మర్రిచెట్లు ఎన్నో మందలకు నీడనిచ్చాయి. తుమ్మకాయలే ఆ రోజులలో మంచి మేత. పాలమూరు కాపరులైతే నీళ్లు, పచ్చిక వెదకుతూ కుటుంబాలను విడిచి కృష్ణ వైపు, నల్లమల వైపు నెలల తరబడి వలస పోతారు.

ఇదంతా ఇప్పుడు కుంచించుకు పోతున్నది. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల కాపుదలకు 1996లో 111 నంబరు ఉత్తర్వు వచ్చి మన చుట్టుపట్ల పెద్ద కట్టడాలను ఆపింది. అయినా బీళ్లు చేతులు మారాయి, ఫాం హౌసుల ప్రహరీలు లేచాయి. 2022లో ఆ ఆంక్షలను సడలించారు. మంద నిన్న నడిచిన బాట నేడు గేటు దగ్గర ఆగిపోతున్నది. గోడల మధ్య మిగిలిన బీడు ముక్కలే మన దీవులు.

జీవాలు తక్కువై ఇట్లా జరిగిందా? లేదు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచే పథకం పెట్టింది. 2019 పశుగణనలో తెలంగాణ 1 కోటి 91 లక్షల గొర్రెలతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. జీవాన్ని లారీలో తేవచ్చు, బీడును తేలేము గదా. మాంసం కోసం ఎత్తైన నెల్లూరు జాతి పెరిగింది. దానికి ఉన్ని ఉండదు. నల్ల ఉన్ని ఇచ్చే దక్కను గొర్రె తగ్గింది. దానితోపాటు ఆడవారు నూలు వడికి, మగవారు గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పెట్టిన గొంగడి కూడా తగ్గింది. వానకు గొడుగై, రాత్రికి పరుపై, చలికి దుప్పటియైన గొంగడి బదులు ఇప్పుడు కాపరి భుజం మీద ప్లాస్టిక్ పట్టా కనబడుతున్నది.

నేను మిమ్మును చందా అడగడం లేదు. మీలో చేలున్నవారు పంట కోసిన తర్వాత ఒక వారం మందను పిలిపించి ఆపించుకోండి, తగిన పైకం ఇవ్వండి. స్థలాలు కొన్నవారు గోడ కట్టేముందు చెరువుకు పోయే బాట ఎక్కడున్నదో ఊరి కాపరిని అడగండి, ఆ బాట విడిచి కట్టండి. గేటు పక్కన ఒక నీళ్ల తొట్టి కట్టించితే పెద్ద ఖర్చు కాదు. మన యౌవనస్థులు మోటారు సైకిళ్ల మీద పోతూ మంద ఎదురైతే హారన్ మోగించక, బండి ఆపి రెండు నిమిషాలు దారి ఇవ్వండి. చెదరిన మందను కూర్చడానికి అతనికి అరపూట పడుతుంది.

కాపరి తన గొర్రెలలో ప్రతిదాని ముఖం ఎరుగును. మన గుడి ముందునుంచి రోజూ నడిచిపోయే ఆ మనిషి పేరు మనలో ఎందరికి తెలుసు? వచ్చే ఆదివారం లోపల అడిగి తెలుసుకోండి. బాట సంగతి కూడా అప్పుడే మాట్లాడవచ్చు.